యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్

అమెరికా ప్రొటెస్టెంట్ శాఖల్లో ఉదారవాదానికి పేరుపడినది యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్. 1957 జూన్ 25న ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో ఏర్పడింది. శాఖగా వయసు తక్కువే గానీ, దాని పూర్వీకులు 1620లో ప్లిమత్‌లో దిగిన పిల్‌గ్రిమ్‌లు అనే వలసదారులు.

రెండు శాఖలు కలిసి ఇది పుట్టింది. ఒకటి, న్యూ ఇంగ్లండ్ ప్యూరిటన్ల వారసులైన కాంగ్రిగేషనల్ సంఘాలు 1931లో మరో శాఖతో కలిసి ఏర్పరచిన కాంగ్రిగేషనల్ క్రిస్టియన్ సంఘాల కూటమి. హార్వర్డ్ (1636), యేల్ (1701) విద్యాసంస్థలు ఈ ప్యూరిటన్లు పెట్టినవే. రెండోది, జర్మన్ వలసదారుల సంఘాలతో 1934లో ఏర్పడిన ఎవాంజెలికల్ అండ్ రిఫార్మ్‌డ్ చర్చ్. ప్రసిద్ధ వేదాంతులు రైన్‌హోల్డ్ నీబర్, రిచర్డ్ నీబర్ సోదరులు ఈ జర్మన్ సంప్రదాయంలోనే పెరిగారు.

ఈ పెళ్లి సాఫీగా జరగలేదు. కాంగ్రిగేషనల్ కూటమిలోని, బ్రూక్లిన్‌కు చెందిన కాడ్‌మన్ మెమోరియల్ చర్చి కోర్టుకెక్కింది. స్వతంత్ర సంఘాలను విలీనం చేసే అధికారం కూటమి జాతీయ మండలికి ఎక్కడిదని అది అడిగింది. 1950లో కింది కోర్టు విలీనాన్ని ఆపింది. 1953లో న్యూయార్క్ అత్యున్నత కోర్టులో విలీనవాదులు గెలిచారు. అప్పటికీ ఒప్పుకోనివారు 1955లో వేరుకుంపటి పెట్టుకున్నారు. కోర్టులో ఓడిన వాదన మాత్రం కొత్త శాఖ రాజ్యాంగంలోకి చొరబడింది. 1961లో ఆమోదించిన ఆ రాజ్యాంగం స్థానిక సంఘం స్వేచ్ఛకు పూర్తి హామీ ఇచ్చింది.

ఇక్కడ బిషప్పులు ఉండరు. పాస్టరును సంఘమే పిలుచుకుంటుంది, భవనమూ స్థలమూ సంఘానివే. జాతీయ స్థాయి జనరల్ సినడ్ చేసే తీర్మానాలు సంఘాలను ఉద్దేశించి చెప్పే మాటలే తప్ప వాటి తరఫున చెప్పేవి కావు. నచ్చని సంఘం వాటిని పక్కన పెట్టవచ్చు. 1959లో రాసుకున్న విశ్వాస ప్రకటన కూడా సాక్ష్యమే, ఎవరి విశ్వాసానికీ పరీక్ష కాదు. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.) బిషప్పుల డయాసిస్‌ల నడుమ పెరిగిన తెలుగు క్రైస్తవులకు ఇది వింతగా తోచవచ్చు. నిజానికి 1805లో విశాఖపట్నం చేరి, తర్వాత కడప వైపు విస్తరించిన లండన్ మిషన్‌ది కూడా ప్రధానంగా ఈ కాంగ్రిగేషనల్ సంప్రదాయమే. ఆ మిషన్ సంఘాలు 1908లో సౌత్ ఇండియా యునైటెడ్ చర్చిలోకి, 1947లో సి.ఎస్.ఐ.లోకి వచ్చి బిషప్పులను అంగీకరించాయి. అమెరికా వారు పదేళ్ల తర్వాత ఐక్యమైనా బిషప్పుల జోలికి పోలేదు.

ఈ శాఖ చెప్పుకునే తొలి ఘనతలన్నిటికీ మూలం స్థానిక సంఘాల ఈ స్వేచ్ఛే. 1785లో నల్లజాతివాడైన లెమ్యుయెల్ హేన్స్, 1853లో ఆంటోనెట్ బ్రౌన్ అనే మహిళ, 1972లో తాను స్వలింగ ప్రియుడినని బహిరంగంగా చెప్పిన విలియం జాన్సన్ ఈ పరంపరలో పాస్టర్లుగా అభిషేకం పొందారు. వీటిలో తొలి రెండూ యునైటెడ్ చర్చ్ పుట్టకముందువి. పైనుంచి అనుమతి రావాలంటే ఈ ముగ్గురూ ఇంకా చాలాకాలం ఎదురుచూడాల్సి వచ్చేది.

అయితే ఈ శాఖ పని గుడి గోడల మధ్యే ఆగిపోలేదు. మిసిసిపీ రాష్ట్రం జాక్సన్ నగరంలో డబ్ల్యు.ఎల్.బి.టి. అనే టీవీ స్టేషన్ పౌరహక్కుల వార్తలను తొక్కిపట్టేది. శాఖ ప్రసార వ్యవహారాలు చూసే ఎవరెట్ పార్కర్ 1964లో స్థానికులకు రహస్యంగా తర్ఫీదు ఇచ్చి, ప్రసారాలను గంట గంటకూ రాయించి, లైసెన్సు పొడిగించవద్దని స్థానిక నల్లజాతి నాయకులతో కలిసి అర్జీ పెట్టించాడు. ప్రసార సాధనాలపై అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ, ప్రేక్షకులకు అడిగే హక్కు లేదంది. 1966లో అప్పీలు కోర్టు ఉందని తీర్పిచ్చింది. 1969లో స్టేషన్ లైసెన్సే పోయింది. 1987లో ఇదే శాఖ వెలువరించిన నివేదిక, విష వ్యర్థాల గుంతలు నల్లజాతి వాడల పక్కనే ఎక్కువగా ఎందుకుంటాయని లెక్కలతో నిలదీసి పర్యావరణ న్యాయ ఉద్యమానికి ఆధారమైంది. సంఖ్యాబలం తక్కువైన శాఖ అమెరికా ప్రజాజీవితం మీద వేసిన ముద్రల్లో ఈ రెండూ బలమైనవని చెప్పాలి.

2004లో ఒక టీవీ ప్రకటన గొడవ రేపింది. చర్చి గుమ్మం ముందు ఇద్దరు భారీకాయులైన కాపలాదారులు కొందరిని లోపలికి పంపి, మరికొందరిని వెనక్కి తిప్పేస్తుంటారు. యేసు ఎవరినీ తిప్పిపంపలేదు, మేమూ పంపం అన్నది సందేశం. సి.బి.ఎస్., ఎన్.బి.సి. దాన్ని వివాదాస్పదమంటూ తిరస్కరించాయి. మరుసటి ఏడాది జులై 4న అట్లాంటాలో జరిగిన జనరల్ సినడ్ స్వలింగ వివాహ సమానత్వాన్ని సమర్థించింది. దీనికి మూల్యం ఉంది: కొన్ని సంఘాలు వెళ్లిపోయాయి, ప్యూర్టోరికో విభాగం మొత్తంగా 2006లో విడిపోయింది. వెళ్లేవాళ్లను ఆపే అధికారం సినడ్‌కు లేదు.

1960లలో 20 లక్షలు దాటిన సభ్యత్వం ఇప్పుడు 7 లక్షల చుట్టుపక్కల ఉంది. ఉదారవాదం వల్లే జనం పోయారన్నది విమర్శకుల మాట. అది అర్ధసత్యం. ఇలాంటి శాఖల కుటుంబాల్లో పిల్లలు తక్కువ కావడమే క్షీణతకు పెద్ద కారణమని సామాజిక శాస్త్రవేత్తలు మైకేల్ హౌట్, ఆండ్రూ గ్రీలీ, మెలిస్సా వైల్డ్ 2001లో చూపించారు. సాంప్రదాయవాదానికి పెట్టింది పేరైన సదరన్ బాప్టిస్టులు కూడా 2006 తర్వాత తగ్గుతూనే వస్తున్నారు. అయినా శాఖకు నొప్పిగా ఉన్న ప్రశ్న ఒకటుంది: ఏది నమ్మాలో ఎవరినీ నిర్బంధించని చర్చి, అందులోనే ఎందుకు ఉండాలో తన పిల్లలకు ఎలా చెబుతుంది?

2023లో కరెన్ జార్జియా థాంప్సన్ ప్రధాన సారథిగా ఎన్నికయ్యారు. జమైకాలో పుట్టిన ఆమె ఈ పదవికి ఎన్నికైన తొలి మహిళ. పూర్తికాల పాస్టరుకు జీతమివ్వలేని చిన్న సంఘాలు రెండు మూడు కలిసి ఒకరిని పంచుకుంటున్నాయి, కొన్ని ఖాళీ గదులను బడులకూ ఇతర సంస్థలకూ అద్దెకిస్తున్నాయి, కొన్ని మూతపడుతున్నాయి. మూయాలా వద్దా అన్నది, సాధారణంగా భవనం ఎవరికి అమ్మాలన్నది కూడా ఆ సంఘ సభ్యుల ఓటే తేలుస్తుంది.