అరసున్నకు పోయిన మార్కులు

మదనపల్లెలో బీసెంట్ థియొసాఫికల్ కాలేజీ 1915లో మొదలయింది. ఊరివాళ్లకు అది బీటీ కాలేజీ. అప్పట్లో దత్తమండలాలు అనే ఈ నేలమీద పుట్టిన తొలి కాలేజీగా దాన్ని చెప్పుకుంటారు. అనీబిసెంట్ దానికి ప్రాణం పోసిన ఆ ఏడాదికే మద్రాసులో ఒక పెద్ద తగాదా తేలిపోయింది. తెలుగు పిల్లలు పరీక్షలో వ్యాసం రాసేటప్పుడు తమ కాలపు తెలుగులో రాయవచ్చా, రాస్తే మార్కులు పడతాయా అన్నది ఆ తగాదా. రాయకూడదనే తేలింది. మదనపల్లె చుట్టుపక్కల తాలూకాల నుంచి మూటాముల్లె సర్దుకుని కాలేజీకి బయల్దేరిన పిల్లల నెత్తిన ఆ నిర్ణయం అప్పటికే కూర్చుని ఉంది.

ఆ పిల్లల నోట ఉన్న తెలుగు ఎలాంటిదో ముందు చూడాలి. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న. మదనపల్లెను కడప జిల్లా నుంచి తెచ్చి కలిపారు. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చాయి. పుంగనూరు దాటి పడమరగా పోతే కన్నడం. కుప్పంలో ఒక పక్క తమిళం, ఇంకో పక్క కన్నడం. ఇంట్లో ఒక మాట, సంతలో ఇంకో మాట, కోర్టులో మరో మాట పలుకుతూ పెరిగిన పిల్లలు వాళ్లు. మూడు భాషల మధ్య తడబడకుండా బేరం చేసి రాగల పిల్లవాడు తెలుగు వ్యాసం పేపరు ముందు కూర్చునేసరికి చేతులు కట్టేసినట్టయ్యేది.

ఎందుకంటే ఆ పేపరు అడిగేది ఏ ఊళ్లోనూ ఎవరూ మాట్లాడని తెలుగు. ఇంట్లో 'అన్న వస్తే చెప్తా' అనే పిల్లవాడు పేపర్లో 'అన్న వచ్చినచోఁ జెప్పెదను' అనాలి. 'చో' తర్వాత అరసున్న పెట్టాలి, 'చె'ను 'జె'గా మార్చాలి. 'వాఁడు'లో అరసున్న, 'గుఱ్ఱము'లో బండిర మరిచిపోకూడదు. 'పూచెను కలువలు' అని విడివిడిగా రాస్తే చాలదు, 'పూచెఁ గలువలు' కావాలి. చెప్పదలచిన సంగతి ఎంత బాగున్నా ఈ గుర్తుల దగ్గర కాలు జారితే అది తప్పే. పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రాసింది పిల్లల్ని పరీక్షలు తప్పించడానికి కాదు. మద్రాసులో తెలుగు చెప్పిన ఆ పండితుడు కావ్యభాషకు ఒక క్రమం చూపించాడు, అంతే. దాన్ని మార్కుల కొలబద్దగా మార్చింది తర్వాతి వాళ్లు.

ఈ ఇబ్బందిని మొదట గట్టిగా పట్టుకున్నవాళ్లలో ఒక ఇంగ్లీషాయన ఉన్నాడు. జె.ఎ. యేట్స్ ఉత్తర సర్కారుల్లో స్కూళ్ల ఇనస్పెక్టరు. తెలుగు నేర్చుకుని బడులకు వెళ్తే, పుస్తకంలో ఉన్న తెలుగు ఒకటి, పంతులూ పిల్లలూ మాట్లాడే తెలుగు ఇంకొకటి. ఈ తేడా ఏమిటని ఆయన అడిగిన ప్రశ్న విశాఖపట్నంలో మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌నీ, విజయనగరంలో గురజాడ అప్పారావునీ, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునే గిడుగు రామమూర్తినీ కలిపింది. గిడుగు చరిత్ర చెప్పే మేష్టరు. తన పని తాను చూసుకుని ఉండవచ్చు. కానీ తెలివైన పిల్లలు సొంతభాషలోనే నోరు మెదపలేకపోవడం ఆయనకు భరించరాని అన్యాయంగా తోచింది. మిగిలిన జీవితమంతా దానికే ధారపోశాడు.

తగాదా ముదరడానికి కారణం పరీక్షలే. ఇంటర్మీడియట్‌లో దేశభాషా వ్యాసం తప్పనిసరి కావడంతో, ఏ భాషలో రాయాలన్నది పండితుల ఇంటి అరుగు దాటి యూనివర్సిటీ బల్ల మీదికి వచ్చింది. 1912-13లో స్కూలు ఫైనల్ బోర్డు కార్యదర్శి ఒక వెసులుబాటు ఇచ్చాడు: వ్యాసం గ్రాంథికంలోనైనా రాయవచ్చు, వాడుక తెలుగులోనైనా రాయవచ్చు. దానితో పండితలోకం భగ్గుమంది. జయంతి రామయ్య పంతులు, 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, ఎందరో పండితులు సభలు పెట్టి, అర్జీలు పంపి ఎదురు నిలిచారు. గిడుగు 1913లో ఆధునికాంధ్రం గురించి ఇంగ్లీషులో మెమొరాండం అచ్చువేశాడు. యూనివర్సిటీ వేసిన సంఘంలో ఉన్న గురజాడ, ఎక్కువమంది మాటతో ఏకీభవించలేక 1914లో తన అసమ్మతిపత్రం విడిగా రాసి ఇచ్చాడు. మాట నెగ్గలేదు. 1915 నాటికి ఆ వెసులుబాటు పోయింది. ఆ నవంబరు 30న గురజాడ కన్నుమూశాడు.

పండితుల పక్షాన్ని మొండితనమని కొట్టిపారేయడం సులువు. వాళ్లు అడిగిన ఒక ప్రశ్నకు మాత్రం బరువుంది. గ్రాంథికమైతే గంజాం నుంచి చిత్తూరు దాకా ఒకటే; వాడుకభాష అంటే ఏ జిల్లాది? ఎవరి ఇంటిది? ఈ ప్రశ్న గుర్తుంచుకోవాలి. మదనపల్లె కథ చివరికి దీని దగ్గరికే వస్తుంది.

గిడుగు జవాబు ఇంకోవైపు నుంచి వచ్చింది. మార్కులు కోసే పండితులు తామైనా ఆ నియమాల ప్రకారం రాయగలుగుతున్నారా అని ఆయన అడిగాడు. వాళ్ల పుస్తకాలే ముందేసుకుని, వాళ్ల వ్యాకరణంతోనే దిద్ది, తప్పులు ఏరి చూపించాడు. ప్రసిద్ధ పండితుల వచనంలోనే అన్ని తప్పులు దొర్లితే పద్దెనిమిదేళ్ల పిల్లవాడిని దేనికి శిక్షిస్తున్నట్టు? ఈ ప్రశ్నకు సూటి సమాధానం ఆనాడు రాలేదు.

వ్యాసం పేపరు ఒక జీవితాన్ని ఏం చేయగలదో మద్రాసు రాజధానికి అప్పటికే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో స్కాలర్‌షిప్పు మీద చదువుతున్న శ్రీనివాస రామానుజన్ లెక్కల్లో మునిగి ఇంగ్లీషును పక్కన పెట్టాడు. ఇంగ్లీషు వ్యాసరచనలో తప్పాడు. పైతరగతికి పోనివ్వలేదు, స్కాలర్‌షిప్పు తీసేశారు. 1905 ఆగస్టులో, పదిహేడేళ్ల వయసులో, ఇంట్లో చెప్పకుండా పారిపోయాడు. ఎక్కడికి? తెలుగుదేశానికి, విశాఖపట్నం వైపు. కొన్నాళ్లకు ఇంటికి తిరిగి వచ్చాడు. ఇప్పుడాయన పేరు తెలియని గణితశాఖ ప్రపంచంలో లేదు. ఆ రోజు దిద్దిన పంతులు నియమం తప్పి ఉండడు. కానీ ఆ నియమంలో ఈ పిల్లవాడికి చోటు లేదు.

బీటీ కాలేజీ కూడా ఇలాంటి నియమాల దెబ్బ తింది. విద్యార్థులూ అధ్యాపకులూ హోంరూల్ ఉద్యమంలోకి దిగడంతో మద్రాసు యూనివర్సిటీ గుర్తింపు పోయింది. అనీబిసెంట్ అడయారులో నడిపిన జాతీయ విశ్వవిద్యాలయం నీడకు చేరింది కాలేజీ. ఆ విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్ రవీంద్రనాథ్ టాగోర్. లండన్‌లో చదువు మధ్యలో వదిలేసి, డిగ్రీ లేకుండా ఇంటికి తిరిగి వచ్చిన మనిషి ఒక విశ్వవిద్యాలయానికి పెద్దదిక్కు.

1919 ఫిబ్రవరిలో ఆయన మదనపల్లె వచ్చాడు. అప్పటి ప్రిన్సిపాల్ ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్. టాగోర్ కాలేజీలో 'జనగణమన' పాడటం, ఫిబ్రవరి 28న దాన్ని తన చేత్తో ఇంగ్లీషులోకి రాయడం, కజిన్స్ భార్య మార్గరెట్ స్వరం రాసుకోవడం మదనపల్లెలో ప్రతి పిల్లవాడికీ తెలిసిన కథే. ఎక్కువగా చెప్పుకోని సంగతి ఇంకొకటి ఉంది. బెంగాలీలో కూడా అచ్చం మన తగాదా నడిచింది. వాళ్ల గ్రాంథికం సాధుభాష, వాడుకభాష చలిత. ప్రమథ చౌధురి 1914లో 'సబుజ్ పత్ర' పెట్టి చలిత భాషకు జెండా ఎత్తితే టాగోర్ ఆ వైపు నిలిచాడు, 'ఘరే బాయిరే' నవలను ఆ భాషలోనే రాశాడు. టాగోర్ వచనంలోంచి ఒక ముక్క తీసి కలకత్తా యూనివర్సిటీ పరీక్షలో ఇచ్చి, దీన్ని శుద్ధమైన చక్కని బెంగాలీలోకి మార్చి రాయండని విద్యార్థుల్ని అడిగారని ఎడ్వర్డ్ థాంప్సన్ టాగోర్ మీద రాసిన పుస్తకంలో నమోదు చేశాడు. ఎవరి వాక్యాన్ని పిల్లల చేత దిద్దించారో ఆ కవే మదనపల్లె చెట్ల నీడలో పిల్లల మధ్య కూర్చున్నాడు. బీటీ కాలేజీ చరిత్రలో జాతీయగీతం పక్కనే ఈ సంగతినీ రాసిపెట్టుకోవాలి.

మదనపల్లెకు ఇంకో బిడ్డ ఉన్నాడు. 1895 మేలో ఈ ఊళ్లోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని చిన్నప్పటి పంతుళ్లు మొద్దు అనుకున్నారు, కొట్టారు. ఇంగ్లండు తీసుకుపోయి చదివిస్తే లండన్ యూనివర్సిటీ ప్రవేశపరీక్ష పదేపదే తప్పాడు. తమ్ముడు నిత్యానంద గట్టెక్కాడు, ఈయన వల్ల కాలేదు. తర్వాత చదువు గురించి మాట్లాడిన ప్రతిచోటా ఒక పిల్లవాడిని ఇంకొకడితో పోల్చడం హింస అని చెప్పాడు. మదనపల్లె పక్కన లోయలో పెరిగిన రిషీవ్యాలీ బడి ఆ మాట మీద నిలబడింది. అక్కడి గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల కోసం తయారుచేసిన పద్ధతిలో పిల్లవాడు కార్డులు పట్టుకుని నిచ్చెన మెట్లు ఎక్కినట్టు తన వేగంతో తాను ముందుకు పోతాడు. పక్కవాడు ఏ మెట్టు మీదున్నాడన్నది లెక్కలోకి రాదు. ఆ పద్ధతి మిగతా రాష్ట్రాలకూ వెళ్లింది. మదనపల్లె మట్టి ప్రపంచానికి ఇచ్చిన వాటిలో ఇది పెద్దది.

వాడుకభాష ఉద్యమం 1915తో చచ్చిపోలేదు. 1919లో కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడుగా, గిడుగు కార్యదర్శిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పుట్టింది. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు కూడా వాడుకభాష మీద పట్టు సడలించింది. గిడుగు 1940 జనవరి 22న పోయాడు. పత్రికలు, కథలు, నవలలు ముందు మారాయి. పాఠ్యపుస్తకాలు, పరీక్షలు చాలా వెనగ్గా, కాళ్లీడ్చుకుంటూ మారాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కాలేజీ పుస్తకాలు తెలుగులో తెచ్చేనాటికి అరసున్న కోసం మార్కులు పోయే రోజులు ముగిసిపోతున్నాయి.

అక్కడే పాత పండితుల ప్రశ్న మళ్లీ తలెత్తింది. ఏ జిల్లా తెలుగు? శిష్టవ్యావహారికం అన్న పేరుతో పరీక్షల్లోకి వచ్చింది ఎక్కువగా కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల తెలుగు. 'వచ్చాడు' ఒప్పు. 'వచ్చినాడు' యాస. 'చేస్తున్నాడు' భాష. 'చేస్తా ఉండాడు' మోటు. నిజానికి పాత రూపానికి దగ్గరగా ఉన్నది 'వచ్చినాడు'. అరసున్న ఒక్కటి చేరిస్తే సూరి వ్యాకరణం కూడా కాదనని మాట అది. అయినా మదనపల్లె పిల్లవాడు తాత దగ్గర నేర్చుకున్న క్రియను పేపర్లో రాస్తే దాని కింద ఎర్రగీత పడింది. మొదట కావ్యభాష రానందుకు మార్కులు పోయాయి, తర్వాత కోస్తా భాష రానందుకు పోయాయి. నూరేళ్లలో కొలబద్ద మారింది కానీ పుంగనూరు పిల్లవాడికి అది ఎప్పుడూ పరాయిదే.

ఉమ్మడి చిత్తూరు జిల్లా తన రచయితల చేత దానికి బదులు చెప్పించింది. దామలచెరువు మధురాంతకం రాజారాం జీవితమంతా బడిపంతులు. పేపర్లు దిద్దిన చేత్తోనే పల్లె మనుషుల కథలు రాసి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చుకున్నాడు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ఇంకా తెగించి 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కథలు', 'మిట్టూరోడి కథలు' మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఇంట్లో అమ్మ మాట్లాడిన తెలుగులోనే రాశాడు. పరీక్షలో రాసి ఉంటే ప్రతి వాక్యం కిందా గీత పడేది. పత్రికల్లో వచ్చేసరికి ఆంధ్రదేశమంతా ఎదురుచూసి చదివింది. ఆ నామినే మార్కుల చదువుల మీద గుండె మండి 'చదువులా చావులా' అన్న పుస్తకం రాయడం యాదృచ్ఛికం కాదు.

కుప్పం సంగతి ఇంకా సున్నితం. పొలిమేర దాటితే కృష్ణగిరి, హోసూరు. అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలకు తమిళనాడు 2006లో తెచ్చిన తమిళ అభ్యసన చట్టంతో పదో తరగతిలో తమిళం పేపరు నెత్తినపడింది. తెలుగు బడిలో చదివిన పిల్లలు ఆ పేపరు ఎలా రాయాలంటూ తల్లిదండ్రులు కోర్టు మెట్లెక్కారు. కొలబద్ద పరాయిది కావడమంటే ఏమిటో ఆ ఇళ్లలో అడిగితే చెబుతారు.

కఠినంగా దిద్దే పంతులు విద్యార్థికి శత్రువు కాడు. వాక్యం తెగిపోయిన చోట, మాట తేలిపోయిన చోట, వాదం నిలవని చోట గీత పెట్టాల్సిందే. పెట్టి, ఎందుకు పెట్టాడో పక్కన రెండు ముక్కలు రాయాలి. కారణం లేని గీత విద్యార్థికి ఏమీ నేర్పదు, కోపం మాత్రం మిగులుస్తుంది. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. మూడు రాష్ట్రాల కూడలిలో, పక్కపక్క భాషల్ని కలిపి చదవడానికే పెట్టిన సంస్థ అది. తెలుగు వ్యాసం దిద్దేవాళ్లకు రాయలసీమ క్రియారూపాల పట్టిక ఒకటి తయారుచేసి, ఇవి తప్పులు కావు అని అచ్చువేసి కాలేజీలకు పంపే పని అక్కడే మొదలుకావాలి. ఈలోగా మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాలేజీల్లో పేపర్లు దిద్దుతున్న తెలుగు అధ్యాపకులకు ఒక మనవి: 'వచ్చినాడు' అని రాసిన పిల్లవాడి మార్కు వాడికి ఇచ్చేయండి.