సున్నపుతేట

1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలలపై వెలువరించిన గ్రంథంలో ఒక పొరకు మన ఊరి పేరే పెట్టారు: కోయిలకుంట్ల సున్నపురాయి. అప్పట్లో మాకది తెలియదు గానీ, సున్నం మాత్రం తరగతి తరగతికీ ఎదురొచ్చింది. చిన్న తరగతుల్లో అది గోడకు పూసేది, అంతే. ఆపైన సున్నపుతేటలోకి బొప్పాయి కాడతో ఊదితే పాలలా తెల్లబడింది. "ఎందుకు సార్?" అంటే, "ఆగండ్రా, పైతరగతిలో వస్తుంది" అన్నారు. పదిలో వచ్చింది: సున్నపురాయిని కాలిస్తే విడిపోయే కార్బన్ డయాక్సైడే మన ఊపిరిలోంచి తేటలో కలిసి, మళ్ళీ ఆ రాతిపొడే అవుతుందని.

పదేళ్ళ చదువులో సైన్సు అందరికీ తప్పనిసరి కావాలని 1966లో కొఠారీ కమిషన్ సిఫారసు చేసింది. మాతో కలిసి కాడ ఊదిన ఇద్దరు ఏడో తరగతి కామన్ పరీక్ష తప్పి, బండల గనికి పోయారు. జవాబు వచ్చిన ఏడాది వాళ్ళు బడిలో లేరు.