హాస్టల్ నెట్‌కి ల్యాప్‌టాప్ కనెక్ట్ అవ్వట్లేదా? ఐటీ ఆఫీసుకి పరిగెత్తే ముందు ఇవి చెక్ చేసుకోండి

యూనివర్సిటీ హాస్టల్‌లో రూమ్ వచ్చింది. వైఫై పేరు కనిపిస్తోంది, సిగ్నల్ కూడా ఫుల్‌గా ఉంది. కానీ ల్యాప్‌టాప్‌లో నెట్ రావట్లేదు. రాత్రి 12 లోపు అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేయాలి. కొత్తగా చేరిన విద్యార్థులకు మొదటి వారంలోనే ఎదురయ్యే తలనొప్పి ఇది. చాలాసార్లు తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు. ఇంటి వైఫైకి, క్యాంపస్ నెట్‌వర్క్‌కి ఉన్న తేడా తెలియకపోవడమే అసలు సమస్య.

ఇంటి వైఫైకి, దీనికి తేడా ఏంటి?

ఇంట్లో అందరికీ ఒకటే పాస్‌వర్డ్. క్యాంపస్‌లో అలా కాదు. ఎవరు, ఏ డివైజ్‌తో వస్తున్నారో నెట్‌వర్క్‌కి తెలియాలి. ఇందుకు సాధారణంగా మూడు పద్ధతులు వాడతారు.

1. బ్రౌజర్‌లో లాగిన్ పేజీ వస్తుంది. స్టూడెంట్ ఐడీ, పాస్‌వర్డ్ కొడితేనే నెట్ వస్తుంది.
2. వైఫై సెలెక్ట్ చేయగానే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ అడుగుతుంది. దీన్నే 802.1ఎక్స్ అంటారు.
3. ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్‌ను ముందే రిజిస్టర్ చేయించాలి.

మీ హాస్టల్‌లో ఏ పద్ధతి ఉందో ముందు తెలుసుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది.

మ్యాక్ అడ్రస్ దగ్గరే ఎక్కువ పొరపాట్లు

మ్యాక్ అడ్రస్ అంటే నెట్‌వర్క్ కార్డుకు ఉండే 12 అక్షరాలు, అంకెల గుర్తింపు. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, హార్డ్‌వేర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్తే 'ఫిజికల్ అడ్రస్' అని కనిపిస్తుంది. వైఫైకి ఒక అడ్రస్, కేబుల్‌కి ఇంకొకటి ఉంటాయి. ఒకటి రిజిస్టర్ చేసి రెండోది వాడితే నెట్ రాదు.

సన్నటి ల్యాప్‌టాప్‌లలో ల్యాన్ పోర్ట్ ఉండట్లేదు కాబట్టి చాలామంది యూఎస్‌బీ అడాప్టర్ వాడుతున్నారు. అప్పుడు మామూలుగా నెట్‌వర్క్‌కి కనిపించేది అడాప్టర్ మ్యాక్ అడ్రస్. ఫ్రెండ్ అడాప్టర్ అడిగి తెచ్చుకుంటే కనెక్ట్ కాకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

ఇంకో విషయం. ఈ మధ్య వచ్చిన ఫోన్లు ప్రైవసీ కోసం అసలు మ్యాక్ అడ్రస్ బదులు వేరేది చూపిస్తాయి. విండోస్‌లోనూ 'ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్' అనే ఆప్షన్ ఉంది. రిజిస్ట్రేషన్ ఉన్న క్యాంపస్‌లో, ఆ ఒక్క నెట్‌వర్క్ వరకు దీన్ని ఆఫ్ చేయాలి.

కనెక్ట్ అయ్యింది, నెట్ మాత్రం రావట్లేదు

ముందుగా ఐపీ అడ్రస్ చూడండి. అది 169.254తో మొదలైతే, నెట్‌వర్క్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. విండోస్ తనకు తానే పెట్టుకున్న నంబర్ అది. కేబుల్ మార్చి చూడండి, గోడకున్న వేరే పోర్ట్‌లో పెట్టి చూడండి. ఐపీ సెట్టింగ్ 'ఆటోమేటిక్'లో ఉందో లేదో చూసుకోండి. ఇంట్లో ఎప్పుడో చేత్తో పెట్టిన ఐపీ నంబర్ ఇక్కడ పనిచేయదు.

లాగిన్ పేజీ రాకపోతే వీపీఎన్ ఆపేయండి. డీఎన్‌ఎస్ మార్చి ఉంటే మళ్లీ ఆటోమేటిక్‌కి పెట్టండి. తర్వాత ఆ వైఫైని 'ఫర్గెట్' కొట్టి మళ్లీ కనెక్ట్ చేయండి. చాలాచోట్ల ఒక ఐడీకి ఇన్ని డివైజ్‌లే అన్న లిమిట్ ఉంటుంది. ఫోన్, ట్యాబ్ ముందే కనెక్ట్ అయి ఉంటే ల్యాప్‌టాప్‌కి చోటు దొరక్కపోవచ్చు.

సర్టిఫికెట్ వార్నింగ్ వస్తే ఆగండి

802.1ఎక్స్ వైఫైకి కనెక్ట్ అయ్యేటప్పుడు సర్టిఫికెట్‌ను నమ్మాలా అని అడుగుతుంది. చూడకుండా ఓకే కొట్టొద్దు. అదే పేరుతో ఎవరైనా నకిలీ వైఫై పెడితే, మీ లాగిన్ వివరాలు వాళ్ల చేతికి చిక్కే ప్రమాదం ఉంది. చాలాచోట్ల మెయిల్‌కి, ఫీజుల పోర్టల్‌కి కూడా అదే పాస్‌వర్డ్. యూనివర్సిటీ ఇచ్చిన సర్వర్ పేరుతో సరిపోల్చాకే ముందుకెళ్లండి.

విదేశాలకు వెళ్లేవారికి

అమెరికా, యూరప్ క్యాంపస్‌లలో 'ఎడ్యురోమ్' అనే వైఫై ఎక్కువగా కనిపిస్తుంది. 2002లో యూరప్‌లో పుట్టిన ఈ ఆలోచన ఇప్పుడు 100కు పైగా దేశాలకు చేరింది. మన దేశంలో దీన్ని ఎర్నెట్ ఇండియా చూస్తోంది. సొంత యూనివర్సిటీ ఐడీతోనే వేరే క్యాంపస్‌లోనూ నెట్ వాడుకోవచ్చు. కాకపోతే యూజర్‌నేమ్‌లో ఎట్ గుర్తు తర్వాత వచ్చే యూనివర్సిటీ డొమైన్ కూడా తప్పకుండా కొట్టాలి. ప్రయాణానికి ముందే సొంత క్యాంపస్‌లో ఒకసారి సెట్ చేసుకుంటే మంచిది.

అమెరికా హాస్టల్ నెట్‌లో టోరెంట్ సినిమాలు మాత్రం వద్దు. కాపీరైట్ ఉల్లంఘనల కట్టడికి యూనివర్సిటీల దగ్గర ప్రణాళిక ఉండాలని అక్కడి 2008 ఉన్నత విద్యా చట్టం చెబుతోంది. ఫిర్యాదు వస్తే లాగ్‌లో దొరికేది మీ పేరే.

ఈ రెండు పనులు అస్సలు చేయొద్దు

సొంత రౌటర్ పెట్టడం: గోడ కేబుల్‌ను పొరపాటున రౌటర్ ల్యాన్ పోర్ట్‌లో పెడితే, ఆ రౌటర్ చుట్టుపక్కల రూమ్‌లకు తప్పుడు ఐపీలు పంచడం మొదలుపెడుతుంది. ఒక్కరి వల్ల ఫ్లోర్ మొత్తానికి నెట్ పోవచ్చు. ఐటీ వాళ్లు మీ పోర్ట్ ఆపేస్తారు.

పాస్‌వర్డ్ ఇవ్వడం: "ఒక్కరోజుకేరా మామా" అని ఫ్రెండ్ అడిగినా ఇవ్వకండి. అతను ఏం చేసినా జవాబు చెప్పాల్సింది మీరే.

హాస్టల్ నెట్‌లో మీతో పాటు వందల మంది ఉంటారు. అందుకే విండోస్‌లో నెట్‌వర్క్ టైప్ 'పబ్లిక్'గానే ఉంచండి, ఫైల్ షేరింగ్ ఆపేయండి. విండోస్ 10కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, వీలైతే అప్‌గ్రేడ్ చేసుకోండి.

అయినా రాకపోతే?

ఐటీ హెల్ప్‌డెస్క్‌కి "నెట్ రావట్లేదు" అని మాత్రమే చెబితే పని తేలదు. రూమ్ నంబర్, గోడ పోర్ట్ మీద రాసిన నంబర్, మ్యాక్ అడ్రస్, ఐపీ అడ్రస్, ఎర్రర్ వచ్చిన టైమ్, స్క్రీన్ ఫొటో పంపండి. ఇవి ఉంటే సమస్య ఎక్కడుందో వాళ్లకు త్వరగా దొరుకుతుంది. ఈలోపు డెడ్‌లైన్ దగ్గర పడితే ఫోన్ హాట్‌స్పాట్‌తో అసైన్‌మెంట్ పంపేయండి.