బతుకమ్మ కుంట గట్టు మీద

మా అడిక్‌మెట్ నుంచి బాగ్ అంబర్‌పేటలోని బతుకమ్మ కుంట ఎంతో దూరం కాదు. ఆదివారం పొద్దున్నే పిల్లలిద్దర్నీ తీసుకెళ్లాను. "అమ్మా, ఈ చెరువు కొత్తదా?" అంది పెద్దది.

కొత్తదేంటి! 1962 నాటి రికార్డుల్లో 14 ఎకరాల పైచిలుకు కుంట ఇది. మట్టీ చెత్తా పోసి పూడ్చేస్తే ముళ్లకంప మొలిచింది. పేరులో తప్ప కుంట ఎక్కడా మిగల్లేదు. 2025 ఫిబ్రవరిలో హైడ్రా వాళ్లు తవ్వితే నాలుగడుగుల్లోనే నీళ్లు ఉబికాయి. పైపు పగిలిందేమోనని అనుమానపడ్డారట! పరీక్ష చేస్తే భూమిలో ఊటేనని తేలింది. ఇన్నేళ్లూ ఆ చెత్త కిందే ఉందన్నమాట. సెప్టెంబరులో, సరిగ్గా బతుకమ్మ రోజుల్లోనే తెరిచారు. మిగిలింది మాత్రం 5 ఎకరాలకు కాస్త ఎక్కువ, అంతే. ఆ లెక్క తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది.

హుస్సేన్‌సాగర్‌కూ మీరాలం చెరువుకూ మగవాళ్ల పేర్లున్నాయి. దీనికి మన పండగ పేరు. అయినా కుంట లేని ఆ ఏళ్లలో నేను బతుకమ్మను అపార్ట్‌మెంట్ కింద ప్లాస్టిక్ తొట్టిలోనే సాగనంపాను.

చిన్నోడు నీళ్లకేసి చూస్తూ అడిగాడు, "ఈసారి తొట్టి వద్దు కదమ్మా?"