మదీరా మద్యము - మన సముద్రము

ద్రాక్షాసవమంటే తెలియని ఇల్లు మన తెలుగుదేశంలో అరుదు. బాలింతకు, రోగమునుండి లేచినవారికి, అన్నం సహించని పెద్దవారికి ఆయుర్వేద వైద్యుడు ఇచ్చే సీసా అది. భోజనానంతరం రెండు చెంచాలు నీటితో కలిపి పుచ్చుకుంటారు. మద్యమన్న మాట చెవినపడితే లేచిపోయే నిష్ఠాపరులు కూడా ఆ సీసాను దేవుడి పటం పక్క అలమరలో పెట్టుకోవడం కద్దు. ద్రాక్షపండ్ల కషాయంలో బెల్లం కలిపి, ధాతకీ పుష్పాలు వేసి, కుండ మూతికి వాసెన కట్టి కొన్ని వారాలు కదలనీయకుండా ఉంచితే అందులో తనంతట తానే మద్యసారం పుడుతుంది. మోతాదు స్వల్పం గనుక అది మందైనది.

పశ్చిమ దేశాలలో ఈ పులియబెట్టే విద్య పెద్ద కళగా పెరిగినది. ద్రాక్షామద్యాన్ని నిలవచేసే పురాతన గృహాలకు అక్కడి జనం యాత్రికులవలె వెళ్ళి, చిన్న గ్లాసులలో ఒక్కొక్క గుటక రుచి చూచి, ఇది ఫలానా సంవత్సరపు పంట, ఇది ఫలానా కొండవాలు పండు అని తర్కించుకుంటారు. విశాఖపట్నంలో అటువంటి పురాతన గృహం లేదు. ద్రాక్షకు పేరుపడిన సీమ కూడా కాదిది. మన్యపు కొండలమీద కాఫీ, అనకాపల్లి వైపు చెరకు, బెల్లం, తీరం వెంబడి తాడిచెట్లు, ఇదీ మన సంపద. అయినా వేల మైళ్ళ అవతల అట్లాంటిక్ మహాసముద్రంలో ఉన్న ఒక మద్యగృహపు చరిత్రను పట్టుకొని నడిస్తే, ఆ దారి చివరకు మన రేవు ముందరి నీటికే వచ్చి చేరుతుంది.

ఆ ద్వీపం పేరు మదీరా. మొరాకో తీరానికి పడమరగా, నడిసముద్రంలో నిలువుగా లేచిన కొండ అది. 1419, 1420 సంవత్సరాలలో పోర్చుగీసువారు దానిని చేరుకొన్నప్పుడు అక్కడ మనుష్యులు లేరు, అడవి మాత్రమే ఉన్నది. వారి భాషలో 'మదీరా' అంటే కలప. సంస్కృతంలోని 'మదిర'కూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. భాషలు ఒక్కొక్కప్పుడు ఇట్లా పరిహాసమాడుతూ ఉంటాయి. ముఖ్యపట్టణమైన ఫుంషాల్‌కు ఆ పేరు అక్కడ విస్తారంగా మొలిచిన సోపు మొక్కలను బట్టి వచ్చినది. అడవి నరికి, కొండవాలును మన పాడేరు వైపు మెట్లపొలాల వలె మెట్లుమెట్లుగా చెక్కి, ఎత్తునుండి సన్నని కాలువలలో నీరు దింపి, మొదట చెరకు, తరువాత ద్రాక్ష వేశారు. తొక్కిన ద్రాక్షరసాన్ని మేకతోలు తిత్తులలో నింపి, కూలీలు భుజాన మోస్తూ కొండదారుల వెంట ఫుంషాల్‌కు దింపేవారు.

ఈ మద్యం లోకానికెక్కడం రుచి వలన కాదు, దారి వలన. ఐరోపానుండి అమెరికాకు గాని, ఆఫ్రికాను చుట్టి హిందూదేశానికి గాని పోయే ఓడలకు మదీరా చక్కని మజిలీ. మంచినీరు, కూరగాయలు, వాటితోపాటు మద్యపు పీపాలు అక్కడ ఎక్కించుకొనేవారు. 1663లో ఇంగ్లీషు పార్లమెంటు చేసిన నౌకావ్యాపార శాసనం ఐరోపా సరుకులన్నీ ఇంగ్లండు రేవుల మీదుగానే వలసరాజ్యాలకు పోవాలని కట్టడి చేసినది. మదీరా మద్యానికి మాత్రం ఆ కట్టడినుండి మినహాయింపు దొరికినది. ఈ మినహాయింపు సంగతి శ్రోతలు గుర్తుంచుకోవలసినది.

'పీపా' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాము. మన రేవులో కూలీలు తారుపీపాలు దొర్లించినా, పల్లెలో కిరసనాయిలు పీపా అన్నా, మనం పలుకుతున్నది పోర్చుగీసు మాటే. వారి 'పీపా' ద్రాక్షామద్యపు కొలత. మదీరాలో ఒక పీపాకు 418 లీటర్లు. మద్యం సంగతి మరచిపోయి పాత్ర పేరు మాత్రం మనం ఉంచుకొన్నాము.

ద్రాక్షామద్యానికి వేడి శత్రువు. వేసవిలో మూతలేని గదిలో వదిలితే అది పులిసి విరిగిపోతుంది. పీపాలు ఓడ అడుగు అరలో నెలల తరబడి ఉక్కలో మగ్గి హిందూదేశం చేరేసరికి పాడై ఉండవలసినది. పాడు కాలేదు సరికదా, బయలుదేరినప్పటికంటె మేలైన రుచితో ఉన్నది. ఏదో ఓడలో అమ్ముడుపోని పీపా ఒకటి తిరిగి ఫుంషాల్ చేరగా, దానిని తెరచి రుచి చూచినవారు ఆశ్చర్యపోయినారని అక్కడివారు కథగా చెప్పుకుంటారు. కథ ఎట్లున్నా, 18వ శతాబ్దంలో వర్తకులు కేవలం తిరిగి తెచ్చుకోవడానికే పీపాలను హిందూదేశం పంపసాగారు. ఓడ పోవునప్పుడు రెండుసార్లు, వచ్చునప్పుడు రెండుసార్లు, మొత్తం నాలుగుసార్లు భూమధ్యరేఖను దాటేది. ఆ సరుకుకు పోర్చుగీసులో 'వీన్యు ద రోద' అని పేరు. వెళ్ళివచ్చిన మద్యమని దాని భావం. లండను బజారులో 'ఈస్టిండియా మదీరా' అన్న ముద్ర ఉంటే ధర ఎక్కువ పలికేది.

ఆ ఓడలు పడవలసిన చోట్లలో మన తీరమొకటి. 17వ శతాబ్దపు చివరి భాగంలోనే ఇంగ్లీషు కంపెనీవారు విశాఖపట్నంలో ఫ్యాక్టరీ పెట్టుకొన్నారు. ఫ్యాక్టరీ అంటే నేటి ఉక్కు కర్మాగారం వంటిది కాదు, వర్తకుల గిడ్డంగి, నివాసం. భీమునిపట్నంలో డచ్చివారి వర్తకస్థానం, వారి సమాధులు ఉన్నవి. అందరికీ కావలసినది మన సాలెవారు నేసిన బట్టలే. 1933లో నౌకాశ్రయం తెరచుకొనేవరకు పెద్ద ఓడలు తీరానికి దూరంగా లంగరు వేయవలసినదే. మేకులు లేకుండా కొబ్బరినారతో కుట్టిన మసూలా పడవలు అలలమీద ఎగిరిపడుతూ బట్టల మూటలను ఓడకు చేర్చేవి, ఓడలోని సరుకును ఒడ్డుకు తెచ్చేవి. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకాధిపతి లినోయి తన యుద్ధనౌకలతో ఈ రేవుమీద పడి, ఇంగ్లీషు యుద్ధనౌక 'సెంచూరియన్'తో పోరాడి, 'ప్రిన్సెస్ షార్లెట్' అనే కంపెనీ వర్తకపు ఓడను పట్టుకుపోయినాడు. మన కొండల నీడలో ఆ ఓడలు ఎంత నిత్యమైనవో ఆ యుద్ధమే సాక్ష్యం. చెన్నపట్నంలోను, దాని అధీనంలోని వర్తకస్థానాలలోను దొరల భోజనపు బల్లమీద ఆ కాలమందు మదీరాకే పెద్దపీట. ఈ ఎండకు చెడనిది అది మరి.

ఇప్పుడు ఫుంషాల్ వెళ్ళే యాత్రికునికి చూపించే గృహాలలో పేరెన్నికగన్నది బ్లాండీవారిది. జాన్ బ్లాండీ అనే ఇంగ్లీషువాడు 1811లో స్థాపించిన వర్తకశాఖ అది. ఆ కుటుంబమువారే నేటికీ నడుపుతున్నారు. పట్టణం నడుమనున్న ఆ పాత కట్టడాలు ఒకప్పటి ఫ్రాన్సిస్కన్ సన్న్యాసుల మఠానికి చెందిన ఆవరణలోనివి. వీధి వెలుతురునుండి లోపలికి అడుగుపెట్టగానే చల్లదనం తగులుతుందనుకొంటే పొరపాటు. ఇతర దేశాల మద్యగృహాలు నేలమాళిగలు. ఇది అటుక. దూలాలమీద పీపాలను వరుసగా పేర్చి, ఎండకు కప్పు వేడెక్కి ఆ వేడి కిందికి దిగేటట్లు కట్టారు. కొత్త మద్యాన్ని పై అంతస్తులో, అన్నిటికంటె వేడి తగిలేచోట పెడతారు. ఏండ్లు గడిచినకొద్దీ కింది అంతస్తులకు దింపుతారు. కర్రగుండా ప్రతి ఏటా కొంత ఆవిరై పోతూనే ఉంటుంది. అందుకే ఆ గదులలో గాలి సైతం తియ్యగా, ఘాటుగా ఉంటుందని చూచినవారి మాట.

చేసే పద్ధతి ఇది. రసం పులుస్తుండగా నడుమ ద్రాక్షసారా పోసి ఆ పులుపును ఆపుతారు. ఎప్పుడు ఆపితే అప్పటి తీపి నిలిచిపోతుంది. చివరకు నూటికి 18, 20 పాళ్ళ మద్యసారం ఉంటుంది గనుక అది విరగదు. తరువాత వేడి. త్వరగా కావలెనంటే తొట్టెలలో 45నుండి 50 డిగ్రీల వేడిమిలో మూడు నెలలు మగ్గబెడతారు. మేలు రకమైతే అటుకమీద సూర్యునికే అప్పగిస్తారు. అత్యుత్తమమైనది పీపాలో 20 ఏండ్లైనా ఉండితీరాలి. తొట్టె అయినా, అటుక అయినా, ఓడ అడుగు అరకు మారుగా వచ్చినవే. మన సముద్రం మీద దొరికిన వేడిని ఇంటనే పుట్టించే ఉపాయమది.

రుచి చూపించడానికి ఒక క్రమం ఉన్నది. సెర్సియాల్, వెర్దెల్యో, బోఆల్, మల్వాసియా అని నాలుగు జాతుల ద్రాక్ష. తీపి లేనిదాని నుండి తీపి గలదానికి, ఈ వరుసనే గ్లాసులు అందిస్తారు. మొదటిది నాలుకను కోస్తున్నట్లుంటుంది. చివరిది ఎండుద్రాక్షను, మాడబోయే ముందు దించిన పాకాన్ని తలపిస్తుంది. అనకాపల్లిలో గానుగల వద్ద బెల్లం వండునప్పుడు పక్కన నిలిచినవారికి ఆ వాసన చెప్పనక్కరలేదు. అయితే ఎంత తీపి దానిలోనైనా అడుగున పులుపు పదునుగా నిలిచే ఉంటుంది. మదీరా ఘనత అంతా ఆ పులుపులో ఉన్నదని నాకు తోచుతుంది. అది లేకుంటే తక్కినది వట్టి పానకమే.

ఆ గృహంలో చెప్పే కథ మరొకటి ఉన్నది. 1815లో నెపోలియనును సెయింట్ హెలీనా ద్వీపానికి తీసుకుపోతున్న ఓడ ఫుంషాల్ దగ్గర ఆగినప్పుడు, అక్కడి ఇంగ్లీషు రాయబారి 1792నాటి పంట పీపా ఒకటి అతనికి కానుక చేశాడట. ఉదరరోగం వలన అతడు ముట్టలేదట. అతడు పోయిన తరువాత పీపా తిరిగివచ్చి, 1840లో సీసాలకెక్కి, 1950లో ఆ ద్వీపానికి వచ్చిన చర్చిల్ గ్లాసులోకి చేరినదట. ఆ రసం పీపాలో పడిన రెండేండ్లకు, 1794లో, భీమునిపట్నానికి దగ్గరనున్న పద్మనాభం వద్ద విజయనగర ప్రభువు విజయరామరాజు కంపెనీ సైన్యాలతో పోరాడి నేలకొరిగినాడు. ఆ తరువాత ఈ ఉత్తర సర్కారులలో కంపెనీ పట్టు బిగిసినది.

పట్టు బిగిసిన ప్రభుత్వానికి రాబడి కావాలి. నౌకావ్యాపార శాసనంలో మదీరాకు దొరికిన మినహాయింపును శ్రోతలు ఇప్పుడు తలచుకోవాలి. మన కొండలలో కూడా ఒక పానీయం ఉన్నది, జీలుగు కల్లు. జీలుగు చెట్టు గెలను చెక్కి ముంత కడితే రాత్రంతా రసం బొట్లుబొట్లుగా దిగుతుంది. తిండిగింజలు నిండుకొనే ఎండకాలంలో మన్యపు వారికి అది మత్తుకంటె ముఖ్యంగా ఆకలిమందు. రంప దేశంలో దానిమీద అక్కడి మన్సబుదారు 'చిగురు పన్ను' వేశాడు. ఆపైన దొరతనమువారి ఆబ్కారీ నిబంధనలు వచ్చినవి. ఇంటి వాడకానికి కల్లు దింపడం కూడా నేరమైనది. కల్లుపాటలు పాడుకొన్న పల్లపు గుత్తేదారులు కొండలెక్కి వసూళ్ళకు దిగినారు. వర్తకుల అప్పులు, పోలీసుల జులుం మొదలైన ఇతర కారణాలూ లేకపోలేదు. కాని 1879 మార్చిలో రంప పితూరీ రేగడానికి కల్లు పన్నే నిప్పురవ్వ. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మనదొర మొదలైనవారి నాయకత్వాన అది విశాఖపట్నం జిల్లాలోని గొలుగొండ కొండలకు పాకినది. మద్రాసు సైన్యాలు దిగినా 1880 వరకు అణగలేదు. మన్సబుదారును తొలగించి, ముఠాదారులతో కొత్త ఒడంబడికలు చేసుకొని, చిగురు పన్నును రద్దుచేసిన తరువాతనే కొండలు సద్దుమణిగినవి.

అప్పటికి దొరల బల్లలమీద మదీరా వెనుకబడినది. 1851లో బూజు తెగులు, 1872లో వేరుపురుగు ఆ ద్వీపపు తోటలను తుడిచిపెట్టినవి. 1869లో సూయజు కాలువ తెరచుకొనగానే హిందూదేశపు ఓడలు ఆ దారినే విడిచిపెట్టినవి. వెళ్ళివచ్చిన మద్యం అన్న మాట పాత లెక్కల పుస్తకాలలో మిగిలినది. అటుకమీది పీపాలు మాత్రం నిలిచినవి. మూత తీసిన తరువాత కూడా నెలల తరబడి చెడని మద్యం అది.

జీలుగు కల్లుకు ఆ భాగ్యం లేదు. తెల్లవారుజామున దించినది తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పొంగుతుంది, మరునాటికి పుల్లని నీరవుతుంది. దానికి పంట సంవత్సరాలు లేవు, పీపాలు లేవు, దానిని దాచిన ఇల్లూ లేదు. రుచి చూడదలచినవారు ఎండ ముదరక ముందే కొండెక్కాలి. చెట్టు దిగుతున్నవాని చేతి ముంతనుండి ఆనపబుర్రలోకి వంచినది వంచినట్లే తాగాలి.