ఫిలిప్పైను బడులలో స్పానిషు భాష



పసిబిడ్డలకు పరభాషను ఎట్లు నేర్పవలయునను ప్రశ్న మన యూరిబడిలోనే పుట్టినది కాదు. సముద్రమున కావల ఫిలిప్పైను ద్వీపములలో ఈ ప్రశ్న మూడువందల యేండ్లు నలిగినది. అచ్చటి బడులలో స్పానిషు భాష ఎట్లు ప్రవేశించినదో, ఏల వేరు పట్టలేదో నేడు విన్నవించెదను.

స్పెయిను దేశపు సేనాని లెగాస్పి 1565లో ఆ ద్వీపములలో దిగి రాజ్యమునకు పునాది వేసెను. 1571లో మనీలా నగరము వారి ముఖ్యపట్టణ మాయెను. వారితో వచ్చిన క్రైస్తవ సన్న్యాసులు ద్వీపవాసులకు తమ భాష నేర్పుటకు మారుగా, తామే తగాలోగు మొదలగు దేశభాషలను శ్రమపడి నేర్చిరి. 1593లో మనీలాలో అచ్చయిన మతబోధ గ్రంథములో స్పానిషును, తగాలోగును రెండును కలవు. తగాలోగు భాగమును ద్వీపవాసుల ప్రాచీన లిపిలో గూడ అచ్చువేసిరి. మతవ్యాప్తికి ఇది మంచి యుపాయమే. కాని ప్రజలకు రాజభాష రానిచో, ప్రజలకును ప్రభుత్వమునకును నడుమ మాట చేరవేయువాడు మతగురు వొక్కడే యగును. తాళపుచెవి ఎవని మొలనుండునో పెత్తనము వానిదే కదా!

స్పెయిను రాజులు తమ భాషను ప్రజలకు నేర్పవలయునని పలుమా రాజ్ఞాపించిరి. మూడవ చార్లెసు రాజు 1770లో గట్టి శాసనమే చేసెను. ఆజ్ఞలు సముద్రము దాటి వచ్చినవి గాని బడి గడప దాటలేదు.

ఏ రాజాజ్ఞయు లేకయే ఒక ద్వీపవాసి చేసిన పని ఇచ్చట స్మరింపదగినది. తోమాస్ పిన్‌పిన్ అను ముద్రాపకుడు తనవారు స్పానిషు నేర్చుకొనుటకై తగాలోగులో ఒక పుస్తకము వ్రాసెను. అది 1610లో అచ్చయ్యెను. తెలిసిన మాటనుండి తెలియని మాటకు నడిపించుట, రెండు భాషల పలుకులు కలిపిన పాటలచే క్రొత్త మాటను నోటికి పట్టించుట ఆయన పద్ధతి. తన యింటి దీపముతో పరుల యింటి త్రోవ చూపినవాడు ఆయన.

ప్రాథమిక విద్యకు నిజమైన శాసనము 1863 డిసెంబరు 20వ తేదీన వెలువడెను. ప్రతి పురమునందును బాలుర కొకటి, బాలికల కొకటి బడి యుండవలెను. బీదలకు జీతము లేదు. బోధన స్పానిషులో జరుగవలెను. ఉపాధ్యాయులను తయారుచేయుటకై 1865లో మనీలాలో జెసూయిటు గురువుల యాజమాన్యమున నార్మలు పాఠశాలయు తెరచిరి. కాగితముపై ఇది చక్కని యేర్పాటే. ఐతే ఊరి బడిని తనిఖీచేయు నధికారమును ఊరి మతగురువునకే యిచ్చిరి. ప్రజలు స్పానిషు నేర్చినచో తమ ప్రాభవము తగ్గునని తలచిన గురువులు పలువురు. అందరు నట్టివారే యనుట మాత్రము న్యాయము కాదు.

ఆ బడుల స్థితిని హోసే రిజాల్ అను దేశభక్తుడు 1887లో బెర్లిను నగరమున అచ్చువేయించిన తన స్పానిషు నవలలో చిత్రించెను. అందులో ఒక బడిపంతులు కలడు. వాని బడి మతగురువు బండి నిలుపు కొట్టములో నడచును. పిల్లలు స్పానిషు పుస్తకములను ఒక్క ముక్క తెలియకయే వల్లెవేయుదురు. పంతులు అర్థము చెప్పి భాష నేర్పబోగా గురువు వానిని నలుగురిలో అవమానించును. బెత్తము మానగా తల్లిదండ్రులే వచ్చి బెత్తము పట్టుమందురు. తుదకు వాడు ఓడిపోవును. ఈ ఘట్టమును ఇంగ్లీషు అనువాదమున చదివినప్పుడు నేను తల వంచుకొంటిని. ఉద్యోగపు తొలినాళ్లలో నేనును ఇంగ్లీషు పాఠమునకు అర్థము చెప్పకయే, అప్పగింపలేని బిడ్డలను కొట్టితిని. వల్లెవేయుట తప్పని నేననను. మేమును అమరమును వల్లెవేసినవారమే. కాని మా గురువుగారు ప్రతి పదమునకును తెలుగున అర్థము చెప్పి మరీ ముందునకు సాగెడివారు.

నిరాకరించిన కొలదియు ఆ భాషపై ప్రజలకు కోరిక హెచ్చెను. 1888 డిసెంబరు 12న మలోలోస్ పట్టణమున ఇరువదిమంది యువతులు గవర్నరు జనరలు వేలర్‌ను కలిసి, తాము స్పానిషు నేర్చుటకు రాత్రిబడి కావలెనని విన్నపపత్ర మిచ్చిరి. ఊరి మతగురువు అడ్డుపడెను. ఐనను వారు పట్టు విడువక బడి సాధించిరి. అది కొలది నెలలే నడచినది. రిజాల్ వారి ధైర్యమును మెచ్చుకొని 1889లో లండను నుండి లేఖ వ్రాసెను. స్పానిషులో పండితుడైన యాతడు ఆ లేఖను తగాలోగులో వ్రాయుట గమనింపదగినది. 1896 డిసెంబరు 30న స్పెయిను ప్రభుత్వము ఆయనను కాల్చిచంపెను. 1899లో ద్వీపవాసులు స్థాపించుకొన్న స్వతంత్ర ప్రభుత్వపు రాజ్యాంగము స్పానిషులోనే వ్రాయబడెను. ఏలినవారు దాచిన భాషయే వారిని ఎదిరించుటకు ఆయుధ మాయెను.

అటుపిమ్మట అమెరికావారు వచ్చిరి. 1901లో సుమారు 500 మంది ఉపాధ్యాయులు ఒకే ఓడలో మనీలాకు దిగిరి. బడులలో ఇంగ్లీషు ప్రవేశించినది. స్పానిషు సామాన్యుని యింట వేరు పట్టియుండలేదు గనుక నిలువలేకపోయెను. 1987 నాటి రాజ్యాంగము దానిని ఇష్టమైనవారు నేర్చుకొను భాషగా మాత్రమే పేర్కొన్నది. ఐనను బడిని ‘ఎస్కువేలా’ అనియు, పుస్తకమును ‘లిబ్రో’ అనియు, కిటికీని ‘బింతానా’ అనియు తగాలోగువారు నేటికిని అందురు. ఇవి స్పానిషునుండి వచ్చిన మాటలే. శాసనము చేయలేని పనిని సంతబేరములును ఇరుగుపొరుగు మాటలును చేసినవి.

పెద్దలారా! పరభాష శత్రువు కాదు. దానిని బిడ్డలకు దాచుటయు ద్రోహమే, అర్థము లేక నోట కుక్కుటయు ద్రోహమే. మీ యూరిబడికి వెళ్లినప్పుడు, పిల్లవాడు ఇంగ్లీషు పద్యము గడగడ చదివెనని సంతోషించి ఊరకొనకుడు. “నాయనా, దీని అర్థము మన మాటలో చెప్పుము” అని యడుగుడు. వాడు చెప్పగలిగినచో ఆ భాష వానిదైనది. చెప్పలేనిచో తప్పు వానిది కాదు. దానిని దిద్దవలసినవారము మీరును, మావంటి పంతుళ్లును.