కిలోల లెక్కన పోయిన జావాలు

మైసూరు, బెంగళూరుల్లో స్థిరపడ్డ మన తెలుగు ఇళ్లలో అరవై దాటినవాళ్లను కదిపితే ఒక్క జావా కథైనా బయటికొస్తుంది. ట్యాంకు మీద ఒక పిల్లాడు, వెనక భార్య, ఆమె ఒళ్లో ఇంకొకడు, అలా తిరుపతి దాకా వెళ్లొచ్చామంటారు. ఆ బండి ఏమైందని అడిగితే మాత్రం జవాబు దాదాపు ఒకటే. గుజిరీకి వేసేశాం. బాగా నిలబెట్టిన పాత జావాకి ఇప్పుడు లక్ష దాటి అడుగుతున్నారని తెలిసి నాలుక కరుచుకుంటారు.

బండి మారలేదు, ఇనుమూ మారలేదు. మరి ధర ఎందుకు అంత పడింది, ఎందుకు లేచింది? ఈ కథ మైసూరులోనే మొదలవుతుంది కాబట్టి మనం చెప్పుకోవాల్సిందే.

జావా అంటే ఇండోనేషియా దీవి కాదు. చెకొస్లొవేకియాలో యానెచెక్ అనే ఆయన 1929లో వాండరర్ అనే జర్మన్ బండి లైసెన్సు కొని మొదలుపెట్టిన కంపెనీ. ఆ రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే జావా. మన దేశంలో దిగుమతుల మీద కట్టడి వచ్చాక, అప్పటిదాకా బండ్లు తెప్పించి అమ్ముతున్న ఇరానీ అనే పార్సీ కుటుంబం 1960లో మైసూరు యాదవగిరిలో ఐడియల్ జావా ఫ్యాక్టరీ పెట్టింది. ప్రారంభించింది అప్పటి గవర్నరు జయచామరాజ ఒడెయరు. మొదట్లో చాలా విడిభాగాలు చెక్ దేశం నుంచే వచ్చేవి, ఇక్కడ బిగించేవాళ్లు. కార్బురేటర్ మీద జికోవ్, కరెంటు సామాను మీద పాల్ అనే చెక్ పేర్లు కనిపించేది అందుకే. ఈ రెండు పేర్లూ ఇవాళ ధర పెంచే మాటలు. 1970లలో పేరు యెజ్డీగా మారింది. ఇరాన్‌లోని యజ్ద్ ఊరి పేరు మీదుగా పెట్టారని చెప్తారు.

ఒకే సిలిండరు, రెండు సైలెన్సర్లు. ఎడమ కాలి దగ్గరున్న గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్కు. తెలియనివాడికి బండి ఇస్తే స్టార్టు చెయ్యలేక దిగిపోవాల్సిందే! దొంగల భయం తక్కువ అని పెద్దవాళ్లు నవ్వుతూ చెప్పేది దీని గురించే.

పడిపోవడం 1984, 85లలో మొదలైంది. హోసూరు నుంచి ఇండ్-సుజుకి, హర్యానా నుంచి హీరో హోండా సీడీ 100, ఆ వెంటే యమహా ఆర్ఎక్స్ 100. లీటరుకి ఎనభై కిలోమీటర్లని హీరో హోండా చెప్పుకుంటుంటే, అందులో సగం కూడా ఇవ్వని 250 సీసీ బండిని జీతగాడు ఎందుకు కొంటాడు? దానికి తోడు పొగ నిబంధనలు, అప్పులు, కార్మికుల గొడవలు. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది.

ఆ తర్వాతి పదేళ్లే అసలు నష్టం. కంపెనీ లేదు, సామాను దొరకదు, మెకానిక్కు విసుక్కుంటాడు. బండి పెరట్లో తుప్పు పట్టింది. పాలవాడికి ఇచ్చినవాళ్లు కొంత నయం, బండి కనీసం తిరిగింది. మిగతావి ఇనుము ఒక రేటు, అల్యూమినియం ఇంజను ఒక రేటు, తూకం వేసి పట్టుకుపోయారు. క్రోము ట్యాంకు కూడా ఆ తూకంలోనే పోయింది.

లేచింది ఎలాగంటే, ట్యాంకు మీద కూర్చున్న ఆ పిల్లలు పెద్దవాళ్లై బెంగళూరులో ఉద్యోగాలు చేశారు, చేతిలో డబ్బు ఆడింది. నాన్న బండి కావాలనుకున్నారు. అప్పటికి నాన్న బండి లేదు, కాబట్టి ఇంకొకరి నాన్న బండి వెతికారు. నాకు తెలిసినంతలో పాత బండి ధరకి ఇంతకన్నా పెద్ద రహస్యం లేదు. ఏటా జులై రెండో ఆదివారం జావా-యెజ్డీ దినం పేరుతో ఈ బండ్లన్నీ ఒకచోట చేరతాయి. 2018లో మహీంద్రా వెనకున్న కంపెనీ కొత్త జావాని 1.64 లక్షలకు తెచ్చింది. కొత్తదే అంత పలికితే అసలుదానికి ఎంత అన్న లెక్క అమ్మేవాళ్లకి అక్కడ దొరికింది.

అందరి బండీ లేవలేదు. తళతళలాడే కొత్త రంగు, బజారు క్రోము, వేరే బండి హెడ్‌లైటు పెట్టి అమ్మేవాళ్లు చాలామంది. తెలిసినవాడు దాన్ని దాటుకుని, రంగు వెలిసినా సామాను అసలుదైన బండి దగ్గర ఆగుతాడు. 2018లోనే అమెరికా వేలంలో 1951 నాటి విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్ ఒకటి 9,29,000 డాలర్లకు పోయింది. దాని చరిత్ర, కాగితాలు చెక్కుచెదరకుండా ఉండటం అందులో పెద్ద పాలు. మన పెరటి జావాకి అంత రాదు గానీ సూత్రం అదే.

కాగితాల దగ్గరే మనలాంటి కుటుంబాలు దెబ్బతినేది. చాలా ఇళ్లలో ఆర్‌సీ ఇంకా తాతగారి పేరునే ఉంటుంది. యజమాని పోతే 30 రోజుల్లో ఆర్టీవోకి తెలిపి, మూడు నెలల్లో వారసుడు ఫారం 31 పెట్టాలన్నది నియమం. చావింట్లో ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? అనంతపురంలోనో చిత్తూరులోనో కొని ఇక్కడికి తెచ్చిన బండైతే ఇంకో చిక్కు. ఏడాది దాటి ఇక్కడే ఉంచితే అక్కడి ఎన్‌ఓసీ తెచ్చి కర్ణాటక నంబరు వేయించాలి. అది చెయ్యక, ఏళ్లు గడిచి, బండి ఉండీ అమ్ముకోలేని ఇళ్లున్నాయి. అందుకే ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు కలిసే పాత ఆర్‌సీ ఇవాళ బండిలో సగం ఖరీదు అంటాను నేను.

2021లో కేంద్రం వింటేజ్ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేని బండి అయితే అర్హత. కొత్త రిజిస్ట్రేషనుకి ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. ఇదివరకే నంబరున్న బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. 'ఎంవై'తో మొదలయ్యే మైసూరు రాష్ట్రపు నంబరు ప్లేటు ఇంకా ఉన్నవాళ్లకి ఇది మంచి కబురు.

ఒక్క షరతు ఉంది. వింటేజ్ కింద నమోదైన బండిని రోజువారీ పనులకి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, రిపేరుకి మాత్రమే. పొద్దున్నే కాఫీ పొడికి జావా మీదే వెళ్లే మామయ్యలు ఆ ఫారం నింపే ముందు ఒకసారి ఆలోచించుకోండి.